గుర్రప్పిల్ల వాంగ్మూలం

మైనస్ ముప్పై ఒక్క డిగ్రీల్లో
సిరా గడ్డకడుతుంది.
అందుకే ఖెంతీలో పంచనామా పెన్సిల్‌తో రాస్తాం.
ఈ ముక్క ముందే చెప్పేయాలి,
కోర్టులో డిఫెన్సు లాయరు ప్రతిసారీ
మొదట అడిగేది అదే:
చెరిపి రాయలేదని నమ్మకమేమిటి?

పోయినవి పదకొండు గుర్రాలు.
లువ్సన్‌దోర్జ్ లెక్క చెప్పలేదు, రంగులు చెప్పాడు.
ఎండుగడ్డి రంగుది,
ముందుకాలికి తెల్ల మేజోడు వేసుకున్నది,
పొగ పట్టిన గోధుమరంగుది...
నేను పట్టికలో గళ్లు గీశాను.
పొగకు గడి లేదు.

కెప్టెన్ దులమ్‌సురెన్ వచ్చీరాగానే ఎవరినీ ఏమీ అడగదు.
కొట్టానికి దూరంగా
పెద్ద సున్నా చుట్టినట్టు నడుస్తుంది.
దగ్గరి గుర్తులు ఎలాగూ తొక్కేసి ఉంటారు,
బయటికి పోయినవి ఎక్కడో ఒకచోట
ఆ సున్నాను కోయక తప్పదు.
కోశాయి, ఈశాన్యాన,
గాలి మంచును చెక్కి వదిలేసిన చోట.
ఆమె మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది.
"పన్నెండు," అంది.
"పన్నెండోది లోతుగా అడుగేసింది. మనిషిని మోసింది."

దాని వెనక ఎడమ డెక్కలో చిన్న చీలిక.
గంధకం కరిగించి ఆ గుర్తులో పోశాం.
ఆ మైదానమంతా కాసేపు అగ్గిపుల్ల వాసన.
ఇనప స్కేలు నా బొటనవేలి చర్మం తీసుకుని మరీ లేచింది.
కెమెరా బ్యాటరీని చంకలో పెట్టుకుని
కోడిపెట్టలా పొదిగాను.

పొరుగు గుడారాలవాళ్లు వెతకడానికి వచ్చారు.
అందరికన్నా ముందు చుల్తెమ్,
మోటారుసైకిల్ మీద, ఫ్లాస్కు నిండా ఉప్పు టీతో.
గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటాడని
ఏదో దేశంలో సామెత ఉందట.
మా వైపు గుమ్మడికాయలు పండవు.
మూడు గొర్రెతోళ్ల కింద ఎవరి భుజమూ కనపడదు.
కెప్టెన్ అతని టీ తాగి, మెచ్చుకుని అడిగింది:
"ఇంత చలిలో ఇంజను వేడెక్కడానికి ఎంతసేపు పట్టింది?"
"గంటన్నర."
"మరి నీ గుర్రం?"
అతను టీ ఊదుకున్నాడు.
అప్పటికే చల్లారిన టీ.

పంతొమ్మిది రోజులకు
పక్క జిల్లా సంతలో ఏడు దొరికాయి.
పాత ముద్ర మీద కొత్త ముద్ర కాల్చారు,
పుండు ఇంకా తడిగానే ఉంది.
మిగతా నాలుగు మాంసం కొట్టు రసీదుల్లో ఉన్నాయి, కిలోల్లో.
పొగరంగుది ఎన్ని కిలోలో
లువ్సన్‌దోర్జ్ అడగలేదు. నేనూ చదవలేదు.

ఆ రాత్రి జ్వరంతో షెడ్డులో కట్టేసి ఉన్నందుకు
దొంగ చేతికి చిక్కని పిల్ల ఒకటుంది,
నిరుటి వసంతంలో పుట్టింది.
దాన్ని జీపు వెనక ఎక్కించి తెచ్చింది కెప్టెన్.
తాడు విప్పింది.
అది ఆరు గుర్రాల పక్కనుంచి
అద్దెగది వెతికేవాడిలా తల వంచుకుని పోయింది.
ఏడోదాని దగ్గర ఆగింది.
పొట్ట కింద మూతి పెట్టింది,
పాలు ఎప్పుడో ఎండిపోయిన చోట.

నేను రాశాను. ప్రాసిక్యూటర్ తల అడ్డంగా ఊపాడు:
పశువు అరుపు సాక్ష్యం కాదు.
సరే, కుదుళ్లతో సహా
ఒక్కోదాని జూలు నుంచి పదేసి వెంట్రుకలు పీకి,
కాగితం కవరు, లక్క, అతుకు మీద అడ్డంగా నా సంతకం.
ఉలాన్‌బాతర్ లేబొరేటరీలో నలభై రెండు రోజులు.
రిపోర్టు వచ్చింది: తల్లీపిల్లలే.
కెప్టెన్ సంతోషపడలేదు.
"పిల్ల చెప్పిందే," అంది,
"కాకపోతే ఇప్పుడు స్టాంపు ఉంది."

చుల్తెమ్ బూడిదరంగు గుర్రం డెక్క
మా గంధకపు అచ్చులో సరిగ్గా కూర్చుంది.
శిక్ష పడింది. ఫైలు మూసేశారు.

లాయరు అడగనే అడిగాడు.
ఏమీ చెరపలేదని చెప్పాను, చెయ్యెత్తి.
ఒక్క వాక్యం చెరిపాను.
దీపం పక్కన ఏటవాలుగా పట్టుకుంటే
కాగితం మీద ఆ ఒత్తు ఇంకా కనిపిస్తుంది:
పిల్ల సకిలించింది, తల్లి బదులిచ్చింది,
సమయం మధ్యాహ్నం రెండూ పది.